రాళ్లు ఎవరి చేటలో ఎక్కువ

నిన్న మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, సెంట్రిఫ్యూజ్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్. బల్ల మీద ఉన్నవి: రెండు స్క్రూడ్రైవర్లు, చల్లారిన టీ, పాత శానిటైజర్ సీసా. మెకానిక్ మోచేయి తగిలి సీసా ఒలికింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సుగుణ మేడం నవ్వు వినిపించినట్టయింది.

విజయవాడ వన్ టౌన్‌లోని మా చిన్న ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. ఊరు ఉయ్యూరు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా ఆరు రోజులూ మమ్మల్ని కేకలేసేవారు. నేను చేరిన కొత్తలోనే కరోనా రెండో వేవ్ వచ్చింది. రిపోర్టులు ఫోన్‌లో చదివి చెప్పడం నా పని. ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదని నాకు లోలోపల గర్వం.

ఒకరోజు కంకిపాడు నుంచి భార్యాభర్తల శాంపిళ్లు, వాళ్ల కూతురి శాంపిల్ వచ్చాయి. శేషయ్యగారు టీకా రెండు డోసులూ వేయించుకున్నారు. రత్నమ్మగారు సూదికి భయపడి ఒక్కటీ వేయించుకోలేదు. కూతురికి నెగిటివ్, భార్యాభర్తలిద్దరికీ పాజిటివ్. చేతికి గ్లౌజులుండటంతో ఫోన్ స్పీకర్‌లో పెట్టి చదివాను. "సీటీ విలువ ఆయనకి ముప్పై ఒకటి, మీకు పద్దెనిమిదండీ."

"చూశారా! రెండు సూదులు పొడిపించుకుని ఈయన ముప్పై ఒకటి తెచ్చుకున్నాడు. నాకు పద్దెనిమిదే! ఇంక పాపకి నేనే నీళ్లు పోస్తా," అని రత్నమ్మగారు సంబరంగా ఫోన్ పెట్టేశారు. నేను తర్వాతి కాగితం అందుకున్నాను.

"ఏ పాప?" అన్నారు మేడం వెనక నుంచి.

నాకు తెలియదు. మేడమే మళ్లీ ఫోన్ చేశారు. పాపంటే నెల నిండని మనవరాలు. నీళ్లు అప్పటికే కాగుతున్నాయి.

"రత్నమ్మగారూ, పాపని ముట్టుకోకండి. ముందు నాకో మాట చెప్పండి. చేటలో బియ్యం ఏరతారుగా, రాళ్లు ఎక్కువుంటే ఎన్నిసార్లు చూడాలి?"

"ఎన్నిసార్లెందుకండీ, చూడంగానే కనపడతాయి."

"ఒకటో అరో ఉంటే?"

"కళ్లు పోయేలా వెతకాల."

"మా మెషీనూ అంతే. చుట్లు చుట్లుగా వెతుకుద్ది. మీ వైరస్ పద్దెనిమిదో చుట్టుకే కనపడింది. ఆయనది ముప్పై ఒకటి దాకా దొరకలేదు. ఇప్పుడు చెప్పండి, రాళ్లు ఎవరి చేటలో ఎక్కువ?"

"అమ్మో, నా చేటలోనే! ఈయనకి మాత్రం చెప్పకండమ్మా, ఊరంతా చాటింపేస్తాడు."

"పక్క గదిలోనే ఉన్నా. విన్నా," అంది మగ గొంతు.

మేడం పగలబడి నవ్వారు. "మీరూ గది దాటకండి శేషయ్యగారూ. తక్కువంటే లేదని కాదు. మీ అమ్మాయికి నెగిటివే కదా, పాపకి తనే నీళ్లు పోసుకుంటుంది."

టీకా భలే పనిచేసిందే అన్నాను. "ఇద్దర్ని చూసి తేల్చేస్తావా? స్వాబ్ ఎలా తీశారో, ఎన్నోరోజున తీశారో, దాన్నిబట్టి కూడా అంకె మారుద్ది. అంకె నువ్వు సరిగ్గానే చెప్పావు బాబూ. ఆవిడకి ఏం చేరిందో అడిగావా?" అన్నారు. కోప్పడలేదు. అందుకే ఆ మాట నాలో బాగా దిగింది.

పాపకి ఏమీ కాలేదు. తర్వాతి పరీక్షల్లో శేషయ్యగారికి ముందు నెగిటివ్ వచ్చింది, రత్నమ్మగారికి ఇంకా చాలా రోజులు పట్టింది. కొన్ని నెలల తర్వాత ఆవిడ కూడా రెండు డోసులు వేయించుకుని, యాంటీబాడీ పరీక్షకి భర్తను వెంటబెట్టుకుని వచ్చారు. రిపోర్టు తెరవకుండా గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

"ఇందులో ఎక్కువ మంచిదా, తక్కువ మంచిదా? ముందది చెప్పు బాబూ."

"ఇందులో ఎక్కువే మంచిదండీ."

తెరిచారు. భర్త చేతిలోని కాగితం లాక్కుని, తన దాని పక్కన పెట్టి చూశారు. ఆవిడదే ఎక్కువ. "ఇప్పుడు వేయి చాటింపు!" అన్నారు.

"ఇవి పరీక్ష మార్కులు కావండీ, మాస్కు తీయకండి," అని మేడం అంటూనే ఉన్నారు. ఎవరూ వినలేదు, అందరం నవ్వుతున్నాం.

మేడం రిటైరయ్యారు. ఇప్పుడు ఏ రిపోర్టు చెప్పినా, "మీకేం అర్థమైందో ఒకసారి నాకు చెప్పండి" అని అడుగుతాను. నిన్న ఫోన్‌లో చెప్పిన రిపోర్టులు ఇరవై మూడు. తప్పుగా అర్థమైనవి నాలుగు.