కేబుల్ పీకినా పలికిన బోర్డు

నాదీ, నా ఆఫీసు స్నేహితురాలిదీ ఉద్యోగాలు ఒకే నెలలో పోయాయి. ఆమె నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. కొండాపూర్ ఇంకా ఊరుగా ఉన్నప్పటి నుంచి అక్కడే ఉన్న కుటుంబం వాళ్లది. నేను కర్నూలు జిల్లా నుంచి వచ్చి అదే కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో స్థిరపడినదాన్ని. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో, పక్కపక్క సీట్లలో కూర్చుని సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేసేవాళ్లం. మమ్మల్ని ఎందుకు తీసేశారని అడిగితే హెచ్ఆర్ అమ్మాయి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. కారణం మాత్రం చెప్పలేదు.

ఆమె వదిన చందానగర్‌లో ఒక సర్కారు బడిలో లెక్కల టీచరు. ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు ఆ బడికి వచ్చాయి. వీడియో పాఠాలు చూపిద్దామంటే రోడ్డు తవ్విన ప్రతిసారీ నెట్ పోతోంది. పాఠాలన్నీ బడిలోనే పెట్టి, నెట్ లేకున్నా నడిచేటట్టు చేయగలరా అని ఆవిడ మమ్మల్ని అడిగారు. ఇద్దరం ఖాళీగానే ఉన్నాం. సరే అన్నాం.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు నాలుగు తీసుకున్నాం. ఒక్కోదానికి ఒక మెమరీ కార్డు ఉంటుంది, పాఠాలు అందులోనే. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్ అనే పెట్టెకు నాలుగింటినీ కేబుళ్లతో తగిలిస్తే అవి ఒకటిగా పనిచేస్తాయి. ఒకటి ఆగినా మిగతావి పాఠం నడిపిస్తాయి. చూడటానికి నాలుగూ ఒకేలా ఉండటంతో గుర్తుకోసం నా బొట్టుబిళ్లలు అంటించాను. ఎరుపు, నలుపు, నీలం, మెరూన్. మా భోజనాల బల్ల మీద వాటిని వరసగా పెట్టాం. ఇంట్లోవాళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నారు.

ఒకసారి వదినగారు మా ఇంటికి వచ్చి చూశారు. అన్నీ విన్నాక ఒకటే మాట అడిగారు.

"మేడం, క్లాసు మధ్యల ఆగిపోదు కదా? ఇంతకుముందు ఒకాయన ఇట్లనే ఒక పెట్టె పెట్టి పోయిండు. కొన్ని దినాలు మంచిగనే నడిచింది. అది ఆగినంక పిల్లలు, టీచర్, ఇయ్యాల పాఠం వస్తదా అని రోజూ అడుగుతుంటే నాకు మొఖం చెల్లలే. ఆగేదైతే పెట్టకుండ్రి."

"ఆగదండీ" అన్నాను. అప్పటికి నీలం బోర్డు ఆగుతూనే ఉంది.

అదీ ఒక పద్ధతిగా ఆగేది కాదు. పొద్దున బాగుండేది. కాసేపటికి ల్యాప్‌టాప్ నుంచి పలకరిస్తే జవాబు ఉండేది కాదు. కేబుల్ తీసి పెడితే మళ్లీ పలికేది. కేబుల్‌దే తప్పనుకుని కొత్తది వేశాం. పలికింది. సంతోషించి టీ పెట్టుకునేలోపు మెరూన్ పోయింది. మెరూన్ కేబుల్ మార్చాం. అది లేచింది, నీలం పోయింది. స్విచ్‌లో కేబుల్ దూర్చే రంధ్రం మార్చాం. కరెంటు అడాప్టర్లు మార్చాం. చివరికి స్విచ్ పెట్టెనే మార్చాం. మార్చిన ప్రతిసారీ బాగయినట్టే ఉండేది, అదే మమ్మల్ని మోసం చేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె కుర్చీ వెనక్కి జరిపి అంది. "అక్కా, గీ నీలందాన్ని తీసి పక్కన పెడ్దాం. మూడు చాలవా మనకు? పొద్దటి సంది గిదే పని."

"తీసేస్తే ఎందుకు పోతాందో ఎట్లా తెలుస్తాది?"

"తెల్వకపోతే ఏమైతది? పని నడుస్తుందా లేదా, అది చూడాలె గానీ."

ఆమె అన్నది తప్పు కాదు. ఆఫీసులో ఇన్నేళ్లూ మేం చేసింది అదే. ఏదైనా ఆగితే ఇంకో టీమ్‌కు పంపేవాళ్లం, వాళ్లు రీస్టార్ట్ చేసేవాళ్లు, పని నడిచేది. కానీ ఆ రోజు పొద్దున నాకు ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నా అనుభవం వాళ్లకు సరిపడదట. ఎందుకు సరిపడదో రాయలేదు. రాయరని తెలుసు. ఈ బల్ల మీదున్నదానికైనా కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనిపించింది. దొరికేదాకా ఒక్క బోర్డునూ తీయనని ఆమెతో చెప్పాను. ఆమె "సరే, అయితే నేను గూడ ఇంటికి పోను" అని కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఇక మార్చడం మానేద్దాం, చూద్దాం అనుకున్నాం. ల్యాప్‌టాప్ నుంచి నీలం బోర్డును ఆగకుండా పలకరించే ఆదేశం ఇచ్చాను. జవాబులు తెర మీద ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. అవి వస్తుండగానే నీలం కేబుల్ పీకేశాను. జవాబులు కాసేపు తడబడి, మళ్లీ వరసగా రావడం మొదలైంది.

కేబుల్ కొస నా చేతిలో ఉంది.

"అక్కా, ఇది ఎవరు పలుకుతున్నరు?" అంది ఆమె నెమ్మదిగా.

మిగతావాటిని ఒక్కొక్కటే పీకుతూ వచ్చాం. ఎరుపు తీసినా జవాబు వస్తోంది. నలుపు తీసినా వస్తోంది. మెరూన్ తీయగానే ఆగిపోయింది. నీలం బదులు పలుకుతున్నది అదే.

ఇంట్లో నెట్ పంచే రౌటర్ ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఇస్తుంది, ఇంటికి డోరు నంబరు ఇచ్చినట్టు. నీలానికీ మెరూన్‌కూ అది ఒకే నంబరు ఇచ్చింది. ఏది తర్వాత కేబుల్ పెట్టించుకుని "నేనిక్కడ ఉన్నాను" అంటే ఉత్తరాలు దానికి వెళ్తున్నాయి. రెండోది మూగపోతోంది. మేం మార్చిన కేబుళ్లు, అడాప్టర్లు ఏవీ ఏమీ బాగుచేయలేదు. తీసి పెట్టడమే వాటి వంతు మార్చింది.

ఆమె అప్పటికే ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "గింతేనా? నంబర్లు మనమే చేత్తోని ఇచ్చేద్దాం, అయిపోతది."

"అయిపోతాది. కానీ రౌటర్ ఒకే నంబరు ఎందుకు ఇచ్చింది? రేపు బడిలో రౌటర్ వేరే. అక్కడ ఒక బోర్డు చెడిపోయి వాళ్లు ఇంకోటి పెట్టుకుంటే మళ్లీ ఇదే అవుతాది. అప్పుడు మనం ఉండం."

వదినగారి మాట ఆమెకూ గుర్తొచ్చినట్టుంది. ల్యాప్‌టాప్ మళ్లీ నా వైపు తిప్పింది.

తయారీలోనే బోర్డులకు వేసే హార్డ్‌వేర్ నంబర్లు చూశాం. నాలుగూ వేరు. అయితే రౌటర్‌ను చిరునామా అడిగేటప్పుడు ఈ బోర్డులు తమను ఏమని పరిచయం చేసుకుంటున్నాయో చూద్దామనుకున్నాం. కార్డులో ఉండి బోర్డును నడిపే సిస్టమ్ తనకంటూ ఒక పొడుగాటి గుర్తింపు రాసి పెట్టుకుని, దాన్నే రౌటర్‌కు చెబుతోంది. నీలందాన్ని నేను గట్టిగా చదివాను, ఆమె తెర మీద మెరూన్ గుర్తింపు వెంట వేలు జరుపుతూ వచ్చింది. అక్షరం, అంకె, అంకె, అక్షరం. సగానికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

"ఇగ చదవకు అక్కా. రెండూ ఒకటే."

నేను చివరిదాకా చదివాను. ఒక్క అక్షరం తేడా లేదు.

మొదటి మూడు కార్డులకూ విడివిడిగా సిస్టమ్ ఎక్కించాం. నాలుగోసారికి ఓపిక లేక, నీలం కార్డును ఉన్నదున్నట్టు కాపీ తీసి మెరూన్‌కు పెట్టాం. పేరు మార్చాం గానీ లోపలి గుర్తింపు ఒకటుందని మాకు తెలియదు. మెరూన్‌లో దాన్ని తుడిచేసి, కొత్తది పుట్టించుకోమని ఆదేశం ఇచ్చి తిరిగి ఆన్ చేశాం. నాలుగు చిన్న దీపాలూ వెలిగాయి. రౌటర్ పట్టీలో నాలుగు నంబర్లు కనిపించాయి. ఆమె నవ్వుతూ లేచి వంటింట్లోకి వెళ్లి, పొద్దున మిగిలిన బొరుగుల ఉగ్గాణి గిన్నెతో సహా తెచ్చింది. చల్లారిపోయినా ఇద్దరం గిన్నెలోంచే తినేశాం.

బడిలో పెట్టిన రోజు, పిల్లలు భిన్నాల పాఠం చూస్తుండగా నేను వదినగారిని వెనక గదిలోకి పిలిచాను.

"మీకు నచ్చిన కేబుల్ ఒకటి పీకండి" అన్నాను.

"క్లాసు నడుస్తుంది కదా మేడం."

"అందుకే అంటున్నాను."

ఆవిడ చాలాసేపు చూసి నలుపుది పీకారు. తలుపులోంచి తరగతి వైపు చూశాం. ఒకరిద్దరి తెరల మీద గుండ్రటి గుర్తు తిరిగి, మళ్లీ పాఠం సాగింది. పిల్లలెవరూ తల తిప్పలేదు. ఆవిడ మమ్మల్ని అడక్కుండానే ఇంకోటి పీకారు. అప్పుడూ సాగింది.

"మరి ఒకటి పూర్తిగా ఖరాబైతే? నేను మార్చుకోవచ్చా?" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని, ఏదైనా చెడితే పెట్టుకోవడానికని అదనంగా కొన్న అయిదో బోర్డుకు కార్డు కాపీ చేయడం నేర్పాను. గుర్తింపు తుడిచే దగ్గర ఆవిడ చెయ్యి ఆపి, "ఇది మర్చిపోతే ఏమైతది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు చెప్పడం మొదలుపెట్టింది. మేం పడిన పరేషాన్ అంతా, నేను మొండికేసిన సంగతితో సహా, మొదటి నుంచీ చెప్పింది. వదినగారు విని, ఆదేశాన్ని ఒక్కో అక్షరం తానే కొట్టి, బోర్డు ఆన్ చేశారు.

అది కొత్త నంబరుతో లేచింది.