మాజిద్ చాచా తోడిన బావి

మా కాటారం దిక్కు చదువుకున్నవాళ్లు గోదావరి ఒడ్డు నాగరికత గురించి గొప్పగా మాట్లాడుతుంటారు. ఆ నాగరికతను ట్రాలీలకెత్తి పత్తిచేన్లలో చల్లింది మేమే. ఊరి బయట, వాగు పక్కన పాటిగడ్డ ఉంది. రెండు వేల ఏండ్ల కింద మనుషులు బతికి, పోయి, బూడిదగా మిగిలిన దిబ్బ. ఆ మన్ను చల్లితే చేను ఏపుగా వస్తుంది. డిగ్రీ మధ్యలో వదిలేసిన నేను పోయిన ఎండాకాలమంతా ట్రాక్టర్‌తో ఆ మన్నే తోలాను.

మాజిద్ చాచాకు అరవై దాటాయి. చుట్టుపక్కల యాభై బావులు తవ్విన మనిషి. బోర్లొచ్చాక ఆయనను పిలిచేది మరుగుదొడ్డి గుంతలకే. ఆయన తవ్విన బావుల నీళ్లు తాగి పెరిగినవాళ్లే ముక్కు మూసుకుని పని చెబుతారు.

ఒకరోజు జేసీబీ దిబ్బను కోస్తుంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రటి మట్టి వరలు బయటపడ్డాయి. ఎవడో కాలితో తన్నాడు. అటుగా పోతున్న చాచా సైకిల్ దిగి వాటి అంచులు తడిమి చూశాడు.

"గిది బావిర. నేను సిమెంటు వరలు దించుత, వీళ్లు మన్నువి కాల్చి దించిండ్రు. గంతే ఫరక్."

ఈ ఒక్క బావిని వదిలెయ్యమని భూమి ఆసామి వెంకట్రాజం సేటును బతిమాలాడు. ఎండిపోయిన బొందతో ఏం పని అని ఎరువుల దుకాణంలో కూర్చున్న సేటు నవ్వాడు. నీళ్లున్న బావిని మా ఊళ్లో ఎవరూ పూడ్చరు, పాపం తగులుతుందంటారు. చాచా ఆ మాట నమ్మాడు. నీళ్లు తెప్పిస్తే బావి బతుకుతుందనుకున్నాడు. మూడు రోజుల గడువు అడిగితే సేటు సరేనన్నాడు.

ఆయన పూడిక తీశాడు, నేను పైనుంచి బకెట్ లాగాను. పైన తొమ్మిది వరలు, కొడితే మోగేటట్టు కాలినవి, ఒక్కదానికీ వంకర లేదు. కింద నాలుగు ఇరుకువి, సగమే కాలినవి, వేలితో గీకితే రాలుతున్నాయి.

"పైవి కలిగిన దినాలల్ల జేసినయి బేటా," అన్నాడు లోపలి నుంచి. "తర్వాత ఏరు పక్కకు జరిగింది. నీళ్ల కోసం కిందికి పోయిండ్రు. కాల్చేటందుకు కట్టెల్లేవు, పనోడు లేడు. గీ నాలుగు ఏడ్సుకుంట దించినట్టున్నరు."

రెండేండ్లు కాలేజీ బెంచీ అరగదీసినా, ఒక ఊరు ఎట్లా లేచి ఎట్లా కూలుతుందో నాకు ఇంత సాఫుగా ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం ఆయన మడమలు తడిశాయి. తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్లు. ఊరంతా వచ్చి ఫోన్లు పైకెత్తింది. సేటు తొంగి చూసి చాచా వీపు తట్టాడు. మధ్యాహ్నానికి బోరు బండి వచ్చింది. సరిగ్గా ఆ వరల నడుమనే పాయింట్ పెట్టారు.

"నీళ్లున్న బావి సేటూ," అన్నాడు చాచా, అడ్డం నిలబడి.

"గందుకే గద భాయ్. జల ఎక్కడున్నదో నువ్వే సూపిచ్చినవ్."

పదమూడు వరలు పదమూడు నిమిషాలు కూడా ఆగలేదు. బూడిదరంగు బురద ఎగజిమ్మి మీద పడుతుంటే జనం కేరింతలు కొట్టారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని తర్వాత చేశారు. బోరు పడగానే చాచా భుజాల మీద శాలువా కప్పి, మొదటి గ్లాసు నీళ్లు ఆయన చేతిలోనే పెట్టారు.

చాచా తాగలేదు. ఆ నీళ్లతో పారకంటిన మన్ను కడుక్కున్నాడు. శాలువా బోరు పైపు మీద వేసి సైకిలెక్కాడు. ముసలోనికి ఎంత పొగరని నవ్వుకున్నారు.

మర్నాడు మిగిలిన దిబ్బ నుంచి నాలుగు ట్రాలీలు తోలాను, చాచా ఇంటి ముందు నుంచే. ఎవరిదో గుంత పనికి పోవడానికి ఆయన సైకిల్‌కు పార కడుతున్నాడు. తలెత్తలేదు. నేను బండి ఆపలేదు.