కోర్టు లేచేదాకా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మదనపల్లెలో పట్టుపురుగుల గుడ్లు అమ్మే చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. గుడ్లు అంటించిన కాగితాలను పెట్టెలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, మోటార్‌సైకిల్ మీద పుంగనూరు నుంచి కుప్పం దాకా రైతులకు చేర్చాలి. ఎండ తగిలితే గుడ్లు చచ్చిపోతాయి.

ఒక రోజు గుడ్లు తీసుకుని పోతుంటే దారిలో పుంగనూరులో స్నేహితుడి ఇంట్లో విందు. మధ్యాహ్నం తాగి బయల్దేరాను. ఊరు దాటకముందే పోలీసులు ఆపారు. ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం తీయించారు. కేసు రాసి బండి ఉంచేసుకున్నారు. మా బావమరిది వచ్చి జామీను సంతకం పెట్టేదాకా నా గురించి తప్ప వేరే ఆలోచన లేదు. స్టేషన్ నుంచి బయటికొస్తుంటే ఎండలో బండి కనిపించింది. గుడ్ల పెట్టె దానికే కట్టి ఉంది. ముట్టుకుంటే కాలింది.

ఆ గుడ్లు శాంతిపురం దగ్గర ఒక రైతమ్మవి. కంపెనీకి చెబితే ఉద్యోగం పోతుంది. మర్నాడు వాటినే బస్సులో తీసుకెళ్లి, ఏమీ జరగనట్టే ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

కోర్టు వాయిదాకు ఇంకా రెండు వారాలున్నాయి. ఇంట్లో కూర్చోలేకపోయాను. పనేమీ లేకపోయినా బస్టాండుకు పోయేవాణ్ణి, టీ చెప్పి తాగకుండానే లేచేవాణ్ణి. ఎవరినో పట్టుకుంటే కేసు లేకుండా చేస్తారని బావమరిది అన్నాడు. అతన్ని వదిలించుకుని ఒక ముసలి వకీలు దగ్గరికి వెళ్లాను.

"తాగినావా, లేదా?" అన్నాడాయన.

"తాగినా సార్."

"అట్లయితే ఆ మాటే చెప్పు. లైసెన్సు, బండి కాగితాలు ఎత్తుకోని పొద్దున్నే రా. వంకలు పెట్టినావంటే వాయిదాలకే తిరగతావు."

వాయిదా నాడు, నేరం ఒప్పుకుంటున్నారా అని మేజిస్ట్రేటు అడిగారు. ఒప్పుకున్నాను. జరిమానా వేశారు. ఆరు నెలలు లైసెన్సు లేదు. ఆ రోజు కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలన్నారు.

వెనక బెంచీ మీద కూర్చున్నాను. కాలు ఆగకుండా ఊగుతోంది. ఒకసారి జవాను వచ్చి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. ఈ శిక్ష సాయంత్రానికి అయిపోతుంది. శాంతిపురంలో ఆమె మాత్రం పగలని గుడ్లను ఇంకా చూస్తూనే ఉంటుంది. వకీలుకు, మేజిస్ట్రేటుకు చెప్పిన మాట ఆమెకు మాత్రం చెప్పలేదు.

మర్నాడే బస్సెక్కాను. ఆమె వాకిట్లో పురుగుల తట్టలు కడిగి ఎండకు పెడుతోంది.

"ఒక్క పురుగూ లేయలేదప్పా," అంది నన్ను చూడగానే. "ఇల్లంతా కడిగితి. నా చెయ్యే మంచిది కాదేమో అనుకుంటాండాను."

"నీ చెయ్యి కాదమ్మా. తప్పు నాది," అని తాగిన సంగతి, ఎండలో ఉన్న పెట్టె సంగతి అంతా చెప్పాను.

ఆమె తట్ట కింద పెట్టింది.

"ఆ దినమే యాల చెప్పలేదు? పురుగులకేసే మల్బరాకు ముదిరిపోయె గదప్పా."

ఆమె కూర్చోమని కూడా అనలేదు. మదనపల్లె చేరగానే జరిగిందంతా కంపెనీకి రాసిచ్చాను. ఆమెకు కొత్త గుడ్లు పంపించారు. నన్ను పనిలోనుంచి తీసేయలేదు గానీ, గోదాములో కూర్చోబెట్టారు.

తర్వాతి పంట బాగా వచ్చిందని నా బదులు ఆ దారిన తిరిగే కొత్త మనిషి చెప్పాడు. నా గురించి ఆమె ఏమైనా అడిగిందా అన్నాను.

"లేదన్నా," అన్నాడు.