గట్టు మీద ఎడమకాలు

మా చేపల చెరువు కైకలూరు దాటాక, కొల్లేటి వైపు ఉంది. పదెకరాలు. ఉద్యోగ విరమణ తర్వాత వారానికి రెండుసార్లు ఏలూరులో మొదటి బస్సెక్కి వెళ్లి, గట్టు చుట్టూ నడిచి వచ్చేవాణ్ణి. నిరుడు వానలు మొదలయ్యాక మోకాళ్లు ఒప్పుకోలేదు. కావలి మనిషి ఫోన్‌లో రోజూ "అంతా బాగానే ఉందండి" అంటాడు. పొద్దున్నే గాలి అందక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయో లేదో కళ్లతో చూసుకోలేనప్పుడు ఆ చెరువు నాదని ఎలా అనుకోను?

పక్క చెరువులు మా బావమరిదివి. గట్ల మీద తిరగడానికి అతను, మోటారుసైకిల్లా ఎక్కి కూర్చుని నడిపే లావు టైర్ల నాలుగు చక్రాల బండి కొన్నాడు.

"తాళం మీకూ ఇస్తానండి బావగారూ. ముందు దాని సేఫ్టీ కోర్సు చేయండి. ఆన్‌లైన్లోనే. నేనూ చేశాను. కుదరదంటారా, చెరువు లీజుకిచ్చేసి ఇంట్లో హాయిగా కూర్చోండి."

"హాయిగా కూర్చోవడం నాకు చేతకాదయ్యా," అన్నాను.

కోర్సు మూడు గంటల్లో అయిపోతుందన్నారు. నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఏదైనా డైరీలో రాసుకుంటేనే చదివినట్టు నాకు. నేను ఒక పేజీ రాసి కింద గీత గీసేలోగా తెర మీద పాఠం మూసుకుపోయేది. మళ్లీ మొదటినుంచి. మూడోరోజు మా ఆవిడ చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఏవండీ, వాళ్లు చూడమంటే మీరు రాస్తారేంటి? మీరు రాసుకోండి, నేను దాన్ని నిద్రపోనివ్వను." ఈనెలు తీస్తూ, మధ్యమధ్య తెర మీద వేలు ఆనించేది.

హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, వాలులో ఒళ్లు ఎటు వంచాలి, అన్నీ రాసుకున్నాను. ఒక్క మాట కింద మాత్రం ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను: బండి ఎంత ఒరిగినా కాలు కింద పెట్టవద్దు, వెనక చక్రం లాగేస్తుంది. పరీక్షలో ఒక్క తప్పూ పోలేదు. సంతోషించే ఓపిక లేక పడుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం సన్నగా జల్లు పడి ఆగింది. బావమరిది కావలి పాక దగ్గర నిలబడి చూస్తుండగా బండెక్కాను. మొదటి పక్క బాగానే సాగింది. చేపల మేతకు కర్రలకు కట్టిన తవుడు సంచులు, నీటి రంగు చూసుకుంటూ వెళ్లాను. మూల తిరిగేచోట గట్టు జారి ఉంది. బండి ఎడమకు ఒరిగింది. చిన్నప్పటినుంచి సైకిలు, ఆ తర్వాత స్కూటరు ఒరిగినప్పుడల్లా నేలకు ఆనిన కాలు. నాకు తెలిసేలోగా బురదలో దిగింది. వెనక చక్రం బూటు మడమ మీదికెక్కి లాగింది. చేతి బొటనవేలు యాక్సిలరేటరు మీట వదిలేసింది కాబట్టి బండి ఆగింది.

బావమరిది, కావలి మనిషి పరుగెత్తుకొచ్చి బండి వెనక్కి తోశారు. ఎముక విరగలేదు.

"కాలెందుకు దించారండీ? అదే దించొద్దని కదండీ కోర్సులో చెప్పింది," అన్నాడు బావమరిది.

"తెలుసు."

"తెలిసి ఎలా దించారు?"

"నేను దించలేదయ్యా. అదే దిగింది."

అతనికి నవ్వొచ్చింది. నా మొహం చూసి ఆపుకున్నాడు. "కొత్తలో అందరికీ అంతేనండి. నాలుగు రోజులు తిరిగితే అలవాటవుతుంది."

"అరవై ఏళ్ల అలవాటు నాలుగు రోజుల్లో పోదు. ఈసారి విరుగుతుంది."

తాళం అతని చేతికిచ్చాను. కావలి మనిషి భుజం పట్టుకుని మిగతా మూడు పక్కలూ నడిచాను. ముప్పావుగంట పట్టింది. తూర్పు గట్టున ఒక సంచి తాడు తెగి ఉంటే కట్టించాను. వెనకాలే నడుస్తున్న బావమరిది, లీజుకి ఇద్దరు అడుగుతున్నారని మెల్లగా చెప్పాడు.

"వాళ్లలో తెల్లారేసరికి గట్టు మీద ఉండేదెవరు?" అని అడిగాను.

"ఇద్దర్లో చిన్నవాడండి," అన్నాడు.

లీజు ఆ చిన్నవాడితోనే మాట్లాడమన్నాను.