దోమతెరలో వరిమొక్కలు

తొంభైల నడుమ, పెళ్ళైన కొత్తలో, నేను వరిమొక్కల మీద పరిశోధన చేస్తుండేదాన్ని. అశోక్‌నగర్‌లో మా అత్తగారిల్లు. అడిక్‌మెట్ దాటితే యూనివర్సిటీ. పరిశోధన చేయడం ఒక ఎత్తు, అదేమిటో ఇంట్లో చెప్పడం ఇంకో ఎత్తు.

వరికి టుంగ్రో అనే వైరస్ తెగులు వస్తుంది. ఆకులు పసుపు, నారింజ రంగుకు తిరుగుతాయి, మొక్క గిడసబారిపోతుంది. ఆ వైరస్‌ను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకుపోయేది పచ్చదోమ. పేరుకే దోమ. మనిషిని కుట్టదు, వరి ఆకుల రసం పీల్చి బతుకుతుంది. ఇక మొక్కలో ఉన్న జన్యువులన్నీ ఎప్పుడూ పనిలో ఉండవు. కొన్ని పనిచేస్తుంటే కొన్ని ఊరికే పడి ఉంటాయి. వైరస్ చొరబడ్డాక వాటిలో ఏవి మేలుకుంటాయి, ఏవి పని మానేస్తాయి? అదీ నేను తేల్చవలసింది.

ఇదంతా అత్తమ్మ శ్రద్ధగా విని ఒకే మాట అడిగింది.

"అయితే గా బియ్యం తింటే మనకు జరం రాదా?"

"రాదత్తమ్మా. మొక్కల వైరస్ మనుషులకు అంటదు."

"నీకెట్ల తెలుసు? నువ్వింక సదువుతనే ఉన్నవ్ గద!"

మర్నాటి నుంచి ఇంట్లో జొన్నరొట్టెలే. వారం తిరక్కుండానే మా ఆయన చిక్కడపల్లిలో ఒక హోటల్‌కు పోయి దొంగతనంగా అన్నం తిని వచ్చాడు. చొక్కా మీద సాంబారు మరక పట్టిచ్చింది. కొడుక్కి జ్వరం వస్తుందేమోనని అత్తమ్మ రెండు పూటలు నుదురు ముట్టి చూసింది. రాలేదు. అన్నం మళ్ళీ మొదలైంది.

ఆ వేసవిలో ఏదో గొడవై క్యాంపస్ మూసేశారు. మొక్కలను పెంచే గాజు షెడ్డుకు తాళం పడితే నీళ్ళు లేక మొక్కలు, వాటితోపాటు దోమలు చస్తాయి. నారాయణగూడలో ఉండే మా ప్రొఫెసర్ గారు, "మీకు డాబా ఉంది కదమ్మా, ఇంటికి పట్టుకుపోండి. ఆ చుట్టుపక్కల వరిపొలాలు లేవు, భయం లేదు" అన్నారు. జబ్బు కుండీలు దోమలతో సహా ఒక తెరలో, ఆరోగ్యంగా ఉన్నవి వేరే తెరలో. ఈ రెండూ కలిశాయంటే పోల్చి చూడడానికి ఏమీ మిగలదు.

తెరలు కట్టిన కుండీలు ఎక్కిస్తుంటే ఆటో ఆయన తొంగిచూశాడు.

"లోపల ఏమున్నయి మేడం?"

"దోమలు."

"దోమతెర్ల దోమలా?" కాసేపు ఆటో స్టార్ట్ చేయలేదు. "దోమలు లోపలికి రావొద్దని కడతరు మేడం తెర. మీరేమో బయటికి పోవొద్దని కట్టిన్రా?"

"అవునన్నా."

"ఇస్తేమాల్ చేస్తరా వాటిని?"

"ఆ, పరిశోధనకు వాడుకుంటం."

ఆయన ఇల్లు చేరేదాకా మెడ మీద చెయ్యి తీయకుండా ఒంటిచేత్తో నడిపాడు.

డాబా మీద రెండు తెరలూ ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టాను. ఒకరోజు ముషీరాబాద్‌లో చుట్టాలింటి దావత్‌కు మా ఆయనా నేనూ వెళ్ళాల్సి వచ్చింది. గడప దాటుతూ అత్తమ్మకు చెప్పాను: "మొక్కలకు నీళ్ళు పొయ్యుర్రి అత్తమ్మా. దోమలు జర పైలం."

నా ఉద్దేశం, అవి బయటికి పోకుండా చూడమని. ఆవిడ డాబా ఎక్కి చూస్తే తెర లోపలే దోమలు కనిపించాయి. చదువుకున్న కోడలు తెర సరిగ్గా కట్టడం కూడా రాక, లోపలికి దోమలను రానిచ్చిందని ఆవిడకు జాలి కలిగింది.

సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి ఒక తెర ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఇంకోదాని కింద కుండీలన్నీ, పసుపువీ పచ్చవీ, బంతిలో కూర్చున్నట్టు సర్దుకుని ఉన్నాయి.

"రెండు తెర్లూ ఇప్పి, దులిపి దులిపి చెయ్యి గుంజుతుందమ్మా," అంది అత్తమ్మ సంతోషంగా. "సగం ఎగిరిపోయినయి. కొన్ని గా పచ్చటోటి మీద వాలినయి, ఎంత కొట్టినా పోతలెవ్వు. పసుపుయి ఒక్కటే బిక్కుబిక్కుమంటున్నయని అన్నీ కలిపి పెట్టిన."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. మా ఆయనకు నవ్వొచ్చింది, అది కనపడకుండా ఆరేసిన తెర వెనక్కి పోయి నిలబడ్డాడు. అప్పుడే డాబా గదిలోంచి మా కిరాయిదారు పుస్తకంతో బయటికొచ్చాడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతుండేవాడు.

"అక్కా, వైరస్‌కు పానం ఉన్నట్టా లేనట్టా? పరీక్షల అడుగుతరు."

"మొక్కలోకి పోయినంక ఉన్నట్టే," అన్నాను ముక్కు చీదుకుంటూ. అతను రాసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే నారాయణగూడ వెళ్ళి ప్రొఫెసర్ గారికి జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కథ తెర ఉతికిన దగ్గరికి వచ్చేసరికి ఆయన టీకప్పు కింద పెట్టేసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు తగ్గాక అడిగారు.

"పచ్చటి మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. పసుపెక్కడానికి ఇంకా టైముంది."

"మనమెప్పుడూ ఆకు పసుపెక్కాకే కోస్తున్నాం. ఎలాగూ పాడయ్యాయి. ఈసారి పచ్చగా ఉండగానే కోసి చూడండి."

అదృష్టం కొద్దీ క్యాంపస్ త్వరగానే తెరిచారు. ఆకులు కోసి, విత్తనం నుంచి కొత్తగా పెంచిన ఆరోగ్యమైన మొక్కలతో పోల్చాను. పనిచేస్తున్న జన్యువు ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లగీతగా పడుతుంది. ఎంత ఎక్కువ పనిచేస్తే అంత చిక్కటి గీత. చీకటిగదిలోంచి ఫిల్మ్ బయటికి తెచ్చి చూస్తే, కంటికి నవనవలాడుతూ కనిపించిన ఆకుల్లో అప్పటికే రెండు గీతలు చిక్కబడ్డాయి, ఒకటి దాదాపు మాయమైంది. పైకి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ మొక్క లోపల ఎప్పుడో గాభరాపడింది. ఫిల్మ్ పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి పరుగెత్తాను. ఆయన మాత్రం, "బాగుంది. ఇప్పుడు సరైన పద్ధతిలో, మీ అత్తగారు లేకుండా మళ్ళీ చేయండి" అన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. నా థీసిస్‌లో చెప్పుకోదగ్గ అధ్యాయం అదే.

ఫిల్మ్ ఇంటికి తెచ్చి అత్తమ్మ చేతికిచ్చాను. ఆవిడ ట్యూబ్‌లైట్‌కు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పింది.

"బొక్క ఏడ ఇరిగింది?"

"బొక్కలుండవత్తమ్మా. మొక్కకు జబ్బు చేసినట్టు దీంట్ల తెలుస్తది. మీరు కలిపి పెట్టినవే ఇవి."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఫిల్మ్ కొంగు చాటున పెట్టుకుని గల్లీలో నాలుగిళ్ళకు చూపించి వచ్చింది, కోడలు వరికి ఎక్స్‌రే తీసిందని. తెల్లారేసరికి పక్కింటావిడ ముడుచుకుపోయిన మల్లెకొమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దీనికి సుత జర తియ్యమ్మా."

ఆకు తిప్పి చూశాను. పేనుబంక. సబ్బునీళ్ళు చల్లమన్నాను. మల్లెచెట్టు బతికింది. ఇన్నేళ్ళ చదువు ఎందుకో ఆ రోజు అర్థమైందని అత్తమ్మ అందరితో చెప్పుకుంది.