మీట మీద ఎర్ర గీత

మా పెద్ద బాబా దగ్గర ఉన్న తుపాకులు రెండే. ఇండస్ట్రియల్ ఏరియాలో మా తెలుగు కూలీలుండే క్యాంపు గదిలో మాత్రం నేను పదకొండు చూపించాను, అన్నీ నోటితోనే.

నేను అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవర్‌ని. మాది గోదావరి పక్క. నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన కారు తనే నడుపుకుంటాడు. ఆయన తండ్రిని, అంటే పెద్ద బాబాని, తిప్పడం నా డ్యూటీ. కుర్రతనంలో బొంబాయిలో వ్యాపారం చేసిన మనిషి కావడంతో ఆయన హిందీ నా హిందీకంటే శుభ్రంగా ఉంటుంది. నా అరబీ ‘యల్లా’ (పద) దగ్గర మొదలై ‘మాఫీ’ (లేదు) దగ్గర అయిపోతుంది గనక మా ఇద్దరికీ ఆ హిందీయే దిక్కు.

రెండు తుపాకులూ ఒకే అమెరికా కంపెనీవి. ఒకటి జంట గొట్టాలది, ఆయన తండ్రి బొంబాయిలో కొన్నది. రెండోది పంపు తుపాకి. గొట్టం కింద ఉండే చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే పేలిన తూటా డొప్ప బయటికి ఎగిరిపోతుంది, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. రెండింటికీ లైసెన్సు కాగితాలున్నాయి. ఇవిగాక ఆ కంపెనీ చేసిన తుపాకులన్నీ రంగుల్లో అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. సుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పెద్ద బాబా అది ఒళ్ళో పెట్టుకుని నాకు పాఠం చెప్పి, తిరిగి నా చేత అప్పజెప్పించుకునేవాడు.

ఆ పాఠం ఇదీ. అమెరికాలో ఒక కమ్మరి కొడుక్కి తుపాకి కావాలి. కొనడానికి తండ్రి పైసా ఇవ్వలేదు. కుర్రాడు కొలిమిలో పాత ఇనుము కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి, తనే గొట్టం చేసుకున్నాడు. అది చూసి పక్క ఊళ్ళవాళ్ళు మాకూ చెయ్యమన్నారు. అలా గొట్టాల కొట్టు మొదలైంది. తర్వాత మొత్తం తుపాకులే చేశారు. యుద్ధం వచ్చింది, సైన్యం నుంచి ఆర్డర్లు వరదలా వచ్చాయి. యుద్ధం ఆగింది, ఆర్డర్లూ ఆగాయి. ఇన్ని మరలు, ఇంతమంది పనివాళ్ళు ఖాళీగా కూర్చుంటే ఎలాగని కుట్టుమిషన్లు చేశారు, టైపు మిషన్లు చేశారు. మళ్ళీ తుపాకుల్లోకే వచ్చారు. పిట్టలకి ఒకటి, బాతులకి ఒకటి, జింకకి బోల్టు రైఫిల్, పిల్లలు గురి నేర్చుకోవడానికి చిన్న ఇరవై రెండు నంబరుది. చివరికి కంపెనీ అప్పుల్లో మునిగి చేతులు మారింది.

ఇంత చప్పగా చెబితే క్యాంపులో ఎవడు వింటాడు? శుక్రవారం సాయంత్రం అలిసిపోయి కూర్చున్న పదిమందికి నేను ఇంకాస్త ఉప్పూ కారం వేసి వడ్డించేవాణ్ణి. కమ్మరి తండ్రి చేత అచ్చ గోదావరి తిట్లు తిట్టించాను. కుట్టుమిషన్ల ఘట్టంలో మా నాయనమ్మ మిషన్ కూడా ఆ ఫ్యాక్టరీదేననీ, ఆవిడ రవిక కుడుతుంటే పెరట్లో కాకులు చచ్చిపడేవనీ చెప్పాను. మూల తిరిగి అవతలివాణ్ణి కొట్టే తుపాకి ఒకటి పుస్తకంలో అరవయ్యో పేజీలో ఉందని కూడా చెప్పాను.

వినేవాళ్ళలో ఒకడు మహా ప్రమాదకరమైన శ్రోత. ఉత్తర తెలంగాణ మనిషి, ఊరి బయట పెద్ద బాబాకున్న మజ్రాలో, అంటే ఖర్జూరం చెట్లూ మేకలూ ఉన్న తోటలో, కాపలా ఉంటాడు; నేను తమ్ముడూ అని పిలుస్తాను. వాళ్ళ ఊరివాళ్ళు ఆ క్యాంపులోనే ఉంటారు గనక శుక్రవారం నా కారులోనే వచ్చేవాడు. నేను చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకోవడం అతని జబ్బు.

పంపు తుపాకికి ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఒక చిన్న మీట ఉంటుంది. ఒక పక్క నుంచి నొక్కితే రెండో పక్కకి పొడుచుకొస్తుంది, అప్పుడు దాని మెడ చుట్టూ ఎర్ర గీత కనిపిస్తుంది. ఆ గీతకి అర్థమేమిటో పెద్ద బాబా నాకు చెప్పాడు. నేను క్యాంపులో చెప్పబోతుంటే ఒకడు ముందే అందుకుని, “ఎర్రదంటే డేంజరే గద” అన్నాడు. నా కథ నాకంటే ముందు ఎవడైనా చెబితే నాకు ఒళ్ళు మంట. “అక్కడే ఉంది అమెరికావాడి తెలివి! ఎర్రదంటే తాళం పడినట్టు” అన్నాను. ఎందుకలా పెట్టారో ఒక కారణం కూడా అల్లాను. అది ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత చెప్పిన ప్రతిసారీ అలాగే చెప్పాను.

శీతాకాలంలో ఒక శనివారం ఉదయం పెద్ద బాబాని మజ్రాకి తీసుకెళ్ళాను. ఆకాశంలోకి మట్టిబిళ్ళలు విసిరించుకుని వాటిని కాల్చడం ఆయన సరదా. గాలి లేవకముందే కాల్చాలని హడావిడి. ఇంట్లో సుగరు సూది వేసుకున్నాడు గానీ టిఫిను ముట్టలేదు, అక్కడికెళ్ళి తింటానన్నాడు.

కాపలా తమ్ముడు పెద్ద బాబాకి కొంచెం ముందు, ఎడమ పక్కన కూర్చుని స్ప్రింగు మరతో బిళ్ళలు ఎగరేస్తున్నాడు. పెద్ద బాబా కొన్ని కొట్టాడు, కొన్ని వదిలేశాడు, తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. నేను కారు దగ్గర ఖర్జూరం డబ్బా తీసిపెట్టి, ఫ్లాస్కులోంచి పాలూ పంచదారా మరిగించిన కరక్ చాయ్ పోస్తున్నాను.

“అన్నా.” తమ్ముడి గొంతు చాలా మెల్లిగా వచ్చింది. “జర ఇటు సూడు. ఉరకకు. మెల్లగ రా.”

చూశాను. పెద్ద బాబా ఒళ్ళో పంపు తుపాకి అడ్డంగా ఉంది. గొట్టం తమ్ముడి కడుపు వైపు ఉంది. కుడిచేతి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. చలిగాలి కొడుతున్నా ఆయన మొహం మీంచి చెమట ధార కడుతోంది, చేతులు వణుకుతున్నాయి. సుగరు పడిపోయినప్పుడు ఆయన ఎలా ఉంటాడో కారులో ఒకసారి చూశాను. అప్పుడు ఆయన చేతిలో తుపాకి లేదు.

“నన్ను జూసి కౌన్ హై తూ అంటుండు” అన్నాడు తమ్ముడు, పెదవులు కదలకుండా. “నేను ఇటు జరిగితే గొట్టం గూడ ఇటు జరుగుతుంది.”

“బాబా, ఖర్జూరం తెచ్చాను” అంటూ ఒక అడుగు వేశాను.

“చోర్” అన్నాడాయన. కళ్ళు నా మీద ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. అంబులెన్సుకి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. గొట్టం నా వైపు తిరిగింది. చెయ్యి బయటికి తీశాను. గొట్టం మళ్ళీ తమ్ముడి వైపు వెళ్ళింది. ఆ వణుకుతున్న వేలు ఇంకాస్త బిగిస్తే మా ఇద్దర్లో ఒకడు అక్కడే పోతాడు. అలాగని ఊరుకుంటే కడుపులోకి తీపి పడక ఆ కుర్చీలోనే ఆయన పోతాడు.

తుపాకి ఎడమ పక్కన మీట కనబడింది. దాని మెడ చుట్టూ ఎర్ర గీత.

“ఎర్రగ కనవడ్తుందా అన్నా?”

“కనబడుతోంది.”

“అయితే భయం లేదు గద. తాళం వడ్డట్టే గద.”

నేను ఆ గీత వంకే చూస్తున్నాను.

“నిన్ననే జెప్పినవ్. అమెరికోడు గట్ల వెట్టిండు అన్నవ్.”

“అన్నాను.”

“అనుడు గాదు. నిజమా, కాదా?”

పెద్ద బాబా నాకు చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆయన వేలు మీట మీద పెట్టడం గుర్తొచ్చింది, పెదవులు కదలడం గుర్తొచ్చింది, మాట మాత్రం నా గొంతుతోనే వినబడింది. ఏది ఆయన చెప్పింది, ఏది నేను అల్లింది? ఎంత వెతికినా కమ్మరి తండ్రి తిట్లూ, చచ్చిపడిన కాకులూ తప్ప ఇంకేమీ తగల్లేదు.

“తెలీదు తమ్ముడూ.”

“తెల్వదా! నీ కథల మీద మన్ను వొయ్య! నా కడుపు ముంగటుంది గొట్టం!”

“అరవకు. ఆయన ఉలిక్కిపడతాడు.”

అసలు అందులో తూటాలు ఉన్నాయో లేదో కూడా ఇద్దరికీ తెలీదు. ఆఖరి బిళ్ళ తర్వాత ఆయన పంపు లాగాడో లేదో నేను చూడలేదు, చాయ్ పోస్తున్నాను. తమ్ముడు బిళ్ళ వంక చూస్తున్నాడు.

కారులో పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు నేను ఒక్క ముక్క తప్పు చెప్పినా ఆయన ఊరుకునేవాడు కాదు. అది తప్ప నా చేతిలో ఏమీ లేదు. కదలకుండా నిలబడి, కారులో మాట్లాడే గొంతుతోనే మొదలెట్టాను.

“బాబా, ఈ కంపెనీ పెట్టింది మిఠాయి కొట్టువాడు కదా?”

చెమట గడ్డం మీంచి జారి తుపాకి చెక్క మీద పడింది.

“జిలేబీ మూకుడు కరిగించి మొదటి గొట్టం పోశాడని చెప్పారు మీరు.”

కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి.

“ఏం కూస్తున్నవే?” తమ్ముడి గొంతు ఏడుపులోకి దిగింది. “ఇప్పుడు గూడ కథలేనా?”

“నోరు ముయ్యి... బాబా, అతనిది కైరో కదా? అమెరికా కాదు. పిరమిడ్ల పక్క సందులో కొట్టు.”

“గలత్” అన్నాడు పెద్ద బాబా. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

“తప్పు కాదు బాబా. కైరోయే. వాళ్ళ నాన్న ఒంటెల డాక్టరు. యుద్ధం అయిపోయాక వీళ్ళు చేసినవి కుట్టుమిషన్లు కూడా కాదు, ఐస్‌క్రీమ్ మిషన్లు. ఈ పంపు తుపాకి కూడా అందులోంచే పుట్టింది. కావాలంటే పుస్తకం చూడండి.”

“గలత్!” ఈసారి అరిచాడు. “లోహార్! లోహార్ కా బేటా!” అంటూ చెయ్యి ఎత్తి, కారులో ఎప్పుడూ చేసినట్టే, చూపుడువేలు నా మొహం మీద ఆడించాడు. ఆ వేలే ఇంతసేపూ ట్రిగ్గర్ మీద ఉన్న వేలు.

తమ్ముడు పక్కకి దొర్లాడు. నేను రెండు చేతులతో గొట్టం పట్టుకుని మనుషులెవరూ లేని ఎడారి వైపు తిప్పాను. ఆయన ఎడమచెయ్యి వదల్లేదు. ముసలి చెయ్యిలో అంత బలం ఉంటుందనుకోలేదు. “కమ్మరి కొడుకే, అవును బాబా, మీరే కరెక్టు” అంటూ ఒక్కొక్క వేలే విడదీశాను. తుపాకిని దూరంగా ఇసకలో పడుకోబెట్టి వచ్చేసరికి తమ్ముడు అప్పటికే ఖర్జూరాలు చేత్తో మెత్తగా నలిపి ఆయన పెదవుల మధ్య పెడుతున్నాడు. “తిను బాబా, మా తండ్రి గదా, జర నములు” అంటున్నాడు తెలుగులో. వెనకే నేను చాయ్ గుక్క గుక్కగా పట్టించాను.

కాసేపటికి వణుకు తగ్గింది. పెద్ద బాబా కళ్ళు ముందు చాయ్ గ్లాసు మీద, తర్వాత నా మీద, చివరికి ఇసకలో ఉన్న తుపాకి మీద ఆగాయి.

“ఎవడు పడేశాడు దాన్ని అక్కడ? గొట్టంలోకి ఇసక పోతే?”

అదీ ఆయన మొదటి మాట. లేచి, తూలకుండా నడిచి, దాన్ని తీసుకున్నాడు. ఆపుదామనుకునేలోపే గొట్టం ఎడారి వైపు పెట్టి పంపు లాగాడు. నిండు తూటా ఒకటి ఎగిరి ఇసకలో పడింది. మళ్ళీ లాగాడు. ఇంకొకటి.

“బాబా, ఆ ఎర్ర గీత...” అన్నాను.

“ఎర్రది కనిపిస్తే పేలుతుంది. నీకు ఎన్నిసార్లు చెప్పాను?”

తమ్ముడికి ఆ మాత్రం హిందీ వచ్చు. మర పక్కనే ఇసకలో కూర్చుండిపోయి, మా అమ్మానాన్నలనీ మా ఊరినీ కలిపి ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయడానికి వీల్లేదు.

తిరుగుదారిలో ఇల్లు దగ్గరపడ్డాక పెద్ద బాబా, “ఇంట్లో చెప్పకు. కాస్త కళ్ళు తిరిగాయి, అంతే” అన్నాడు. ఆ రెండు తుపాకులూ పోతే ఆయనకి ఏం మిగులుతుందో నాకు తెలుసు. నేను సరే అనలేదు, కాదనలేదు.

కానీ పెద్ద బాబా చొక్కా నిండా ఖర్జూరం మరకలు. కఫీల్ గుమ్మంలోనే చూశాడు. తండ్రిని లోపల పడుకోబెట్టించి, డాక్టరుకి ఫోను చేసి, నన్ను పక్కకి పిలిచి తనకొచ్చిన కాస్త హిందీలో అడిగాడు.

“కళ్ళు తిరిగినప్పుడు తుపాకి చేతిలో ఉందా?”

“ఉంది.”

లోపలి నుంచి పెద్ద బాబా గొంతు వినబడింది, “ఖాళీది!” అని. కఫీల్ నా వైపే చూస్తున్నాడు. నా నోట్లో అప్పటికే మూడు రకాల జవాబులు తయారుగా ఉన్నాయి, మూడూ నమ్మేలాగే ఉన్నాయి. తమ్ముడి మొహం గుర్తొచ్చింది.

“రెండు తూటాలున్నాయి” అన్నాను.

ఆ సాయంత్రమే రెండు తుపాకులూ కఫీల్ ఆఫీసు బీరువాలోకి వెళ్ళిపోయాయి. తాళం ఆయన దగ్గరే.

మర్నాడు పొద్దున పెద్ద బాబా కారు దగ్గరికి వచ్చాడు. ఎన్నేళ్ళుగానో నా పక్క సీట్లో కూర్చునే మనిషి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఎక్కడికి బాబా అని అడిగాను.

“చాడీలు చెప్పేవాళ్ళు లేని చోటికి.”

“అల్ ముంతజాలో కొత్త చాయ్ కొట్టు పెట్టారు బాబా. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరు.”

అల్ ముంతజాకే పోనిచ్చాను. అద్దంలో చూస్తే మొహం అటు తిప్పుకున్నాడు. కొట్టు ముందు ఆపాను. దిగి, బయటినుంచి నన్ను కాసేపు చూశాడు. తలుపు మాత్రం మెల్లిగానే వేశాడు.