రెండు చెవుల కరెంటు పొయ్యి

మా పేటలో పొద్దున్నే పొయ్యి రాజేయడానికి ఎవరూ అగ్గిపుల్ల గీసేవాళ్లు కాదు. రాత్రి వంటయ్యాక మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవాళ్లం. తెల్లారి బూడిద కదిపి, పిడక ముక్క పెట్టి ఊదితే మంట లేచేది. పొయ్యి ఆరిపోయిన ఆడది చేతిలో పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకు పోవాలి. నిప్పు ఇస్తారు, కాదనరు. దాంతో పాటు నాలుగు మాటలు కూడా ఇస్తారు. మా పక్కింటి వదినైతే ఆరు ఇచ్చేది. అందుకే ఈ కథ జరిగేదాకా, నా మొగుడు పోయిన మూడు రోజులు తప్ప నా పొయ్యి ఎన్నడూ ఆరింది లేదు.

ఈ అలవాటు వల్లే నా కొలువు ఊడబోయింది.

అప్పుడు నేను కర్నూలులో ఆసుపత్రి దొర బంగళాలో వంటమనిషిని. తెల్లవాళ్లు ఇంకా ఉన్న కాలం. దొర రోగుల్ని చూసేవాడు, దొరసాని నన్ను చూసేది. నెల జీతం, రెండు పూటల తిండి, వీటన్నిటికంటే పెద్దది, నా కూతురికి మిషను బడిలో చదువు. ఆ కొలువు పోతే కోసిగిలో ఉన్న మా వాళ్లతో కలిసి సుగ్గికి పోవడమే గతి. సుగ్గి అంటే ఇంటికి తాళమేసి, బిడ్డల్ని వెంటబెట్టుకుని, కూలి దొరికే సీమకు నడవడం. సుగ్గికి పోయిన పిల్లకు పలక ఎక్కడిది?

ఒక ఎండాకాలం బంగళాకు కరెంటు పొయ్యి వచ్చింది. ఓడలో వచ్చి, రైలెక్కి, చివరికి ఎద్దులబండి మీద దిగింది. తెల్లటి ఇనప బీరువాలా ఉంది. తలుపు తీస్తే లోపల పైన ఒక తీగచుట్ట, కింద ఒక తీగచుట్ట. బయట రెండు నల్లటి చెవులు. పై చెవి మెలిపెడితే పై తీగ ఎర్రబడుతుంది, కింది చెవి మెలిపెడితే కింది తీగ. ఒక్కో చెవికి మూడు మెట్లు, ఆర్పడానికి ఇంకొకటి. పక్కన ఇంగ్లీషు అక్షరాలు. నాకు తెలుగులో నా పేరు రాయడమే అరగంట పని. ఇప్పుడైనా అంతే, నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. అందుకని మెట్టుకొక గుర్తుగా సున్నం చుక్కలు పెట్టుకున్నాను.

మొదటి రోజు దొరసాని వంటింట్లోకి వచ్చేసరికి నేను పొయ్యి తలుపు బార్లా తెరిచి, ఊదుగొట్టంతో ఊదుతున్నాను.

"నీవు ఏమి చేయుచున్నావు?" అంది. ఆమె తెలుగు పుస్తకంలోంచి అప్పుడే దిగి వచ్చినట్టు ఉండేది.

"మంట లేస్తాందో ల్యాదో చూస్తాండానమ్మా."

"ఊదవలదు. తలుపు తెరవవలదు. తెరచినయెడల వేడిమి పారిపోవును."

"మంట కండ్లకు కనపడకుంటే ఎట్ల నమ్మేదమ్మా?"

"విశ్వాసముంచుము," అనేసి వెళ్లిపోయింది.

విశ్వాసముంచి మూడు రొట్టెలు మాడ్చాను. నాలుగోది పచ్చిపిండిగా దింపాను. అయిదో రొట్టెకు నా బుర్ర వెలిగింది. మనం మందపు రొట్టె చేసేటప్పుడు గిన్నె కింద నిప్పులు వేసి, మూత మీద కూడా నిప్పులు పోస్తాం కదా. కింది నిప్పు రొట్టెను లేపుతుంది, పై నిప్పు రంగు వేస్తుంది. ఈ బీరువా చేసేది కూడా అదే పని. అది తెలిశాక అంతా సులువైపోయింది. పెనం కాగకముందు దోసె పోయం కాబట్టి, కింది చెవి మూడు చుక్కల మీద పెట్టి, లోపల బాగా కాగాకనే రొట్టె పెట్టాలి. రొట్టె లేవగానే రెండు చుక్కలకు దించాలి. రంగు కావాలంటే చివర్లో మాత్రం పై చెవి. పాలూ గుడ్లూ కలిపిన మెత్తటి వంటకానికి కింద ఒక్క చుక్క చాలు, పైదాన్ని ముట్టనే కూడదు. మిగిలిపోయిన రొట్టె ముక్కల్ని కరకరలాడించాలంటే రెండు చెవులూ ఒక్కో చుక్క మీద పెట్టి వాటి సంగతి మరిచిపోవాలి.

నాకు మరిచిపోవడం బాగా వచ్చు. రానిదల్లా ఆర్పడం. వంటయ్యాక నా చెయ్యి దానంతటదే కింది చెవిని ఒక్క చుక్క మీదికి తిప్పి వదిలేసేది, నిప్పుల మీద బూడిద కప్పినట్టు. ఒక పొద్దున ఎలుకలకు దొరక్కూడదని దొరసాని వెన్న గిన్నె తీసుకెళ్లి ఆ బీరువాలో దాచింది. టిఫిను వేళకు తలుపు తీస్తే నెయ్యి.

"నీవు ఏల ఆర్పలేదు?"

"ఆరిపోతే నిప్పుకు యాడికి పోవల్లమ్మా? ఈ నిప్పు ఉండేది మీ ఇంట్లో, కలెక్టరు దొర ఇంట్లో. ఆయప్ప గడప కాడికి పిడక పట్టుకోని నేను పోలేను."

దొర పడీపడీ నవ్వాడు. దొరసాని నవ్వలేదు. చెవి తిప్పితే నిప్పు మళ్లీ దానంతటదే పుడుతుందని నాలుగుసార్లు తిప్పి చూపించింది. తలకు అర్థమైంది. చేతికి అర్థం కాలేదు. మూడోసారి దొరికిపోయినప్పుడు ఆమె కడపకు ఉత్తరం రాసి, ఇంగ్లీషు చదవగలిగిన బట్లరును పిలిపించింది.

బట్లరు నడుముకు తెల్లగుడ్డ, చెవి వెనక పెన్సిలుతో దిగాడు. వస్తూనే తడిగుడ్డతో నా సున్నం చుక్కలు తుడిచేశాడు.

"ఏం మే, పొయ్యికి బొట్లు పెట్టినావు, పూజ చేస్తాండావా?"

"అవి మెట్లకు గుర్తులప్పా."

"అక్షరాలు ఉండాయి కదా."

"ఉండాయి. నాతో మాట్లాడవు."

దొరసాని తీర్పు చెప్పింది. శనివారం మిషను గుడులన్నిటి మీదా పెద్దయిన పాదిరి అయ్యగారు టీకి వస్తున్నారు. బట్లరు పొద్దున ఒక కేకు, నేను మధ్యాహ్నం ఒక కేకు చేయాలి. ఎవరిది బాగుంటే వంటిల్లు వాళ్లది. ఆ రాత్రి నా కూతురు పలక మీద ఎక్కాలు రాసుకుంటుంటే ఆ పలక వైపు చూడలేకపోయాను.

బట్లరు పుస్తకం చదివి, రెండు చెవులూ నడిమి మెట్టు మీద పెట్టి, కేకును పై అరలో పై తీగకు ఆనించినంత దగ్గరగా ఉంచి, వసారాలో కూర్చుని బీడీ వెలిగించాడు. తీసేసరికి కేకు పైన బొగ్గు, నడుమ జావ.

"నడిమి మెట్టని రాసుండాది, నడిమి మెట్టే పెట్టినా!" అని పుస్తకాన్ని కొట్టాడు.

"పుస్తకానికి ముక్కు ల్యాదు కదప్పా. వాసన ఎట్ల తెలుస్తాది?"

అతను రెండు చెవులూ ఆర్పి బయటికి పోయాడు. అతని వీపు తిరగగానే నా పాడు చెయ్యి ఊరుకోలేదు, కింది చెవిని మళ్లీ వెలిగించింది. చుక్కలు లేకపోతేనేం, మెట్టు మెట్టుకూ టక్కుమంటుంది, ఆ చప్పుళ్లు లెక్కపెడితే చాలు. అలా మధ్యాహ్నం దాకా బీరువా కాగుతూనే ఉంది.

మధ్యాహ్నం నా కేకు లోపలికి వెళ్లింది. సగం కూడా ఉడికి ఉండదు, హాలులో పంకా తిరగడం ఆగిపోయింది. ఊరి కరెంటు ఇంజను ఆగిందన్నారు. బట్లరు గుమ్మంలో నిలబడి ఆవలించాడు.

"అయిపాయ. తలుపు తీసి పారబొయ్యి, మే. కుక్కలన్నా తింటాయి."

"నా తలుపు ముట్టుకుంటే నీ చెయ్యి నీది కాదు," అన్నాను.

గోనెసంచులు, దొర పాత కంబళి, చాకలికి వేయాల్సిన దుప్పట్లు తెచ్చి బీరువాకు బాలింతకు చుట్టినట్టు చుట్టాను. దాని ముందే చతికిలబడి ముక్కును తలుపు సందుకు ఆనించి కూర్చున్నాను. చాలాసేపటికి పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వచ్చింది. తీశాను. ఉడికింది, కానీ జ్వరం పడి లేచిన మనిషి ముఖంలా పాలిపోయి ఉంది. కరెంటు లేదు, పై చెవి ఏం చేస్తుంది? టీ నీళ్ల కోసం వంటింటి మూల రాజేసిన నా పాత కట్టెల పొయ్యిలోంచి నిప్పులు తీసి, ఇనప మూత మీద పోసి, ఆ మూతను కేకు మీద కప్పాను. నాలుగు నిమిషాలకు బంగారు రంగు. ఒక నిప్పు జారి పడి మేకగిట్టంత నల్ల మచ్చ కూడా పడింది.

పెద్ద అయ్యగారు రెండు ముక్కలు తిన్నారు. మచ్చ ఉన్న ముక్క బట్లరుకు వెళ్లేలా చూసుకున్నాను.

టీ అయ్యాక దొరసాని వంటింట్లోకి వచ్చింది. "కరెంటు లేక ఎట్లు ఉడికినది?"

"పొద్దున్నించి ఆర్పలేదమ్మా," అని తల వంచుకున్నాను. కొలువుతో పాటు నా కూతురి బడి కూడా పోతుందని భయం.

ఆమె బీరువాకు చుట్టిన కంబళి అంచు ఎత్తి చూసింది. పెదవి చివర ఏదో కదిలింది. "వంటగది నీదే," అంది. "అయినను రేపటినుండి ఆర్పుము."

"అట్లనేనమ్మా," అన్నాను. నిజంగానే ఆర్పాలనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి బూడిద కదిపితే ఒక్క నిప్పు కణిక లేదు. ఆ కేకు గొడవలో పొద్దున నిప్పు కప్పకుండానే పోయాను. చేసేదేముంది, పిడక పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడ్డాను. వదిన నన్నూ, పిడకనూ మార్చి మార్చి చూసింది.

"ఏందమ్మే, చెవి తిప్పితే నిప్పొచ్చే పొయ్యి ఉండాది నీకు. నా ఇంటికెందుకొచ్చినావు?"

"ఆ చెవి బంగళాలో ఉండాది, వదినా."

"పోయి తెచ్చుకో మళ్ల."

ఆ రోజు నిప్పుతో పాటు ఆరు కాదు, పన్నెండు మాటలు ఇచ్చింది. అన్నీ నవ్వుతూ కొంగున కట్టుకున్నాను.